ఆరూ పన్నెండుకి బొట్టు

కూలీ పెద్దన్న లేబర్ క్యాంప్ నుంచి కనిపించకుండా పోయి తొమ్మిది రోజులు.

ఫైల్‌లో ఒకటే మాట. ‘అబ్‌స్కాండింగ్’. శుక్రవారం రాత్రి 9.00కి క్యాంప్ గోడ దూకి పారిపోయాడని లేబర్ కంపెనీ కంప్లయింట్. గల్ఫ్‌లో జరిగే ఫుట్‌బాల్ వరల్డ్‌కప్‌కి ఇంకా మూడేళ్లుంది. స్టేడియం కడుతున్న మెయిన్ కాంట్రాక్టర్ తరఫు ఇన్వెస్టిగేటర్ రాజనర్సు. జగిత్యాలలో సీఐగా చేసి వచ్చినవాడు. పారిపోయేవాడు చెప్పులూ ఫోనూ క్యాంప్‌లో వదిలి పోతాడా? ఆయనకి మింగుడుపడలేదు.

ఉదయం 10.20. అల్ అజీజియాలో రామమోహన్ విల్లా. లేబర్ కంపెనీ ఆయనదే, తెలుగు సమితికి ప్రెసిడెంటూ ఆయనే. భార్య పోయాక సమితి ఫంక్షన్లలో అతిథుల్ని ఆహ్వానించేది కూతురు సునంద. ‘అఫీషియల్ హోస్టెస్’ అని బ్యాడ్జ్ కూడా ఉంది. పెద్దపెద్దవాళ్లు మెచ్చుకునే నవ్వు ఆమెది.

తలుపు పక్కన నేల మీద పెద్దన్న భార్య శివకుమారి. పక్క వీధిలో ఇంటిపని చేస్తుంది. పాట బాగా పాడుతుందని సమితి వాళ్లు ఫంక్షన్లకి పిలుస్తుంటారు. ఇవాళ రాజనర్సు రమ్మన్నాడు. సోఫాలో కూర్చోమని ఎవరూ అనలేదు.

“నా మొగుడు యాడుండాడో చెప్పండి సార్. అదొక్కటే నాకు కావాల.”

“పారిపోయాడమ్మా,” రామమోహన్ విసుక్కున్నాడు. “ఎన్నిసార్లు చెప్పాలి?”

“ఎన్ని గంటలకు?” రాజనర్సు అడిగాడు.

“రాత్రి తొమ్మిదికి.”

“అంతకుముందు?”

“క్యాంప్‌లోనే ఉన్నాడు. శుక్రవారం సెలవు కదా.”

“మంచిగనే ఉన్నడా?”

“బ్రహ్మాండంగా.”

“సునందమ్మా, నీకేమన్న తెలుసా?”

“నాకేం తెలుస్తుంది అంకుల్? ఆ సాయంత్రమంతా ఫంక్షన్ హాల్లోనే ఉన్నాను.”

రాజనర్సు ల్యాప్‌టాప్ తెరిచాడు. ఆ శుక్రవారం సాయంత్రం జరిగిన సమితి వార్షికోత్సవం వీడియో. నిన్న రాత్రి మూడుసార్లు మొహాలే చూశాడు, ఏమీ దొరకలేదు. నాలుగోసారి చేతులు చూశాడు.

గుమ్మంలో సునంద. వచ్చిన ప్రతి ఆడమనిషికీ గంధం, బొట్టు. నలభై మంది. 6.12కి శివకుమారి వచ్చింది. కుంకుమ వేలు ఆమె నుదుటిదాకా లేచింది. ఆగింది. వెనక్కి వచ్చి, తర్వాతి మనిషి నుదుటికి వెళ్లింది.

“ఈమెకు బొట్టెందుకు పెట్టలేదు బిడ్డా?”

“మర్చిపోయుంటాను.”

“వేలు లేపినంక మర్చిపోతరా? మీ కంప్లయింట్ల పెద్దన్న తొమ్మిదింటిదాంక బతికే ఉన్నడు. ఆరూ పన్నెండుకే ఈమె ముత్తైదువ కాదని నీకెట్ల తెలిసింది?”

సునంద నవ్వు చెదిరిపోయింది.

“నోర్ముయ్!” కూతురి మీద అరిచాడు రామమోహన్. అప్పటికింకా ఆమె నోరు తెరవనే లేదు.

“పొద్దున పదకొండింటికి సైట్‌లో స్కాఫోల్డింగ్ మీంచి పడి అక్కడికక్కడే పోయాడు,” సునంద గొణిగింది. “సెలవు రోజు పనికి పర్మిట్ లేదు. బయటపడితే సైట్ పోతుందని నాన్న... ఐడీ తీసేసి హాస్పిటల్ గేటు దగ్గర వదిలేయించారు. నేను చెప్పలేకపోయాను. బొట్టు పెడితే మాత్రం అశుభం కదా అంకుల్.”

రాజనర్సుకి ఒళ్లు మండింది. మార్చురీకి ఫోన్ చేశాడు. తొమ్మిది రోజులుగా పేరు లేని శవం ఒకటుందన్నారు. తర్వాత పోలీసులకి చేశాడు.

శివకుమారి లేచి సునంద ఎదురుగా నిలబడింది.

“మర్చిపోయినావనుకుంటినమ్మా. భరిణెలో వేలు ముంచి నేనే పెట్టుకుంటి. నువ్వు చూసినావు. చూసి కూడా, పాట పాడు శివా అని మైకు చేతికిచ్చినావు.”

రాజనర్సు వీడియోని 8.05కి జరిపాడు. నుదుట ఎర్రటి బొట్టుతో శివకుమారి పాడుతోంది. పాట అయిపోయింది. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది సునంద.