బెంచీ మీద ఆరు వారాలు

ఆటు మొదలై ఇళ్ల కింద సముద్రం మోకాలి లోతుకు దిగింది. నీళ్ల మీద కర్రలపై కట్టిన హనువబడ ఊళ్లో పొద్దున్నే మొదలయ్యే చప్పుళ్లన్నీ మొదలయ్యాయి. చెక్కబాటల మీద అడుగులు, పక్కింట్లో రేడియో, ఎవరో ఎవర్నో బడికి తరుముతున్న కేకలు. మొరేయా వరండాలో గొంతుక్కూర్చుని కూతురి సూట్‌కేసు చక్రాలకు నూనె వేస్తున్నాడు.

"పొద్దున్నే ఆ చక్రాలతో నీకేం పని? టీ చల్లారిపోతోంది," అంది భార్య బోయో వంటగదిలోంచి.

"గురువారం విమానం. పోయినసారి ఎయిర్‌పోర్టులో ఈ చక్రం కిర్రుకిర్రుమంటూనే ఉంది. విదేశీ టీముకి ఆడే పిల్ల అలా మోత మోగించుకుంటూ నడిస్తే ఏం బాగుంటుంది?"

మూలన చాప మీద కూర్చుని వక్కకి సున్నం అద్దుకుంటున్న ముసలమ్మ, మొరేయా తల్లి, మనవరాలికి బూబూ, అంటే నాయనమ్మ, నవ్వింది. "అది నడిచినా నడవకపోయినా మోగేది నీ గుండేరా."

అప్పుడే కూతురు కెరుమా లోపలికి వచ్చింది. చొక్కా చెమటతో తడిసి వీపుకి అంటుకుపోయింది. ఎవరితోనూ మాట్లాడకుండా కుండలో నీళ్లు ముంచుకుని కాళ్లు కడుక్కుంది. బోయో ఆ నీళ్లకేసి చూసింది. నల్లటి మట్టి. సముద్రం మీద కట్టిన ఇంట్లో ఉండే పిల్ల కాళ్లకి అంత మట్టి ఎక్కడిది? అడుగుదామనుకుంది. మొరేయా ముందే అందుకున్నాడు.

"చూశావా, చీకటితోనే లేచి పరిగెత్తి వస్తోంది. అదీ ప్లేయర్ అంటే!"

కెరుమా తండ్రి వైపు ఒకసారి చూసి టీ గ్లాసు తీసుకుంది. కూర్చోలేదు. తలుపు దగ్గర కాసేపు, కిటికీ దగ్గర కాసేపు, మళ్లీ తలుపు దగ్గర. విదేశం నుంచి తిరిగొచ్చిన ఈ ఎనిమిది నెలలుగా ఆ పిల్ల ఇంట్లో ఎక్కడా స్థిమితంగా కూర్చున్నది లేదు. బ్యాంకులో కౌంటర్ ఉద్యోగం మూడు నెలలకే మానేసింది. తర్వాత ఫోన్ల షాపు, అది నెలరోజులు. ఎందుకు మానేశావంటే, "ఏమో అమ్మా, అక్కడ నిలబడితే నేనెవర్నో మర్చిపోతున్నా," అంటుంది.

ఇరవై నాలుగేళ్ల కెరుమా ఎడమచేతి స్పిన్నర్. మొరేయా కూడా ఒకప్పుడు దేశం తరఫున ఓపెనింగ్ బ్యాటింగ్ చేసినవాడే. వారమంతా ఓడల రేవులో వెల్డింగ్ పని, శనివారం క్రికెట్. ఆటకి డబ్బులిస్తారని ఆ రోజుల్లో ఎవరూ కలలో కూడా అనుకోలేదు. అందుకే పోయిన ఏడాది గల్ఫ్‌లో కొత్తగా పెట్టిన ఆడవాళ్ల లీగ్ నుంచి కెరుమాకి పిలుపొచ్చినప్పుడు ఊరంతా పండగ చేసుకుంది. చర్చి పక్కన పెద్ద తెర కట్టారు. ఆరు వారాల పాటు చాపలు పరుచుకుని కూర్చుని ప్రతి మ్యాచూ చూశారు. నీళ్ల సీసాలు పట్టుకుని కెరుమా మైదానంలోకి పరిగెత్తినప్పుడల్లా ఈలలు వేశారు. మధ్యలో ఆ టీమువాళ్లు ఆమెకి ఊళ్లో పండగలకి కట్టే గడ్డి లంగా కట్టి, డాన్సు చేయించి, వీడియో పెట్టారు. దాన్ని లక్షల మంది చూశారు. మొరేయా ఆ వీడియోని చేపల బజారులో, బస్సులో, చర్చి మెట్ల మీద, కనబడిన ప్రతివాడికీ చూపించాడు.

ఇప్పుడు రెండో ఏడాదికి మళ్లీ పిలిచారు.

ఎనిమిదింటికి ఫోన్ మోగింది. వీడియో కాల్. టీము ప్రచారం చూసుకునే జెమ్మా. మొరేయా గబగబా చేతులు తుడుచుకుని కూతురి పక్కకి వచ్చి నిలబడ్డాడు.

"కెరుమా! ఎలా ఉన్నావ్? చూడు, ఆ గడ్డి లంగా మర్చిపోకేం. రెండు తెచ్చుకో, ఒకటి తడిసినా ఇంకోటి ఉంటుంది," అంది జెమ్మా హుషారుగా.

"నెట్ ప్రాక్టీసు ఎప్పుడు మొదలు?" అడిగింది కెరుమా.

"ప్రాక్టీసా? అది కోచ్ సంగతి, నాకు తెలీదు. నీ షెడ్యూలంతా నా దగ్గరే ఉంది. రెండో రోజు బీచ్‌లో షూటింగ్, నాలుగో రోజు స్పాన్సర్ల విందు. మొహానికి రంగులు కూడా వేద్దాం, పోయినసారి మిస్సయ్యాం."

"నా బౌలింగ్ గురించి కోచ్ ఏమైనా అన్నాడా?"

"నువ్వంటే అందరికీ ఇష్టం, కెరుమా. నువ్వు మా టీముకే వెలుగు!"

"జెమ్మా, నేను రావడం లేదు. ఉత్తరం రాసి పంపిస్తాను. నీమీద కోపమేం లేదు," అని కెరుమా ఫోన్ కట్టేసింది.

మొరేయా గిరుక్కున కూతురివైపు తిరిగాడు.

"ఏంటి? ఏమన్నావ్ నువ్వు?"

"విన్నావుగా నాన్నా."

"పిచ్చెక్కిందా? ఆదివారం చర్చిలో నీకోసం ప్రార్థన పెట్టించాను! పాస్టరు నీ పేరు చదువుతాడు! ఊళ్లో ఎంతమంది ఆడపిల్లలు నిన్ను చూసి బంతి పట్టుకున్నారో తెలుసా?"

"నన్ను చూసి కాదు. నీళ్ల సీసా చూసి."

"నోర్ముయ్! అవకాశం అంటే ఏంటో నీకు తెలీదు. నాకు దొరికుంటేనా, బెంచీ మీద కాదు, బెంచీ కింద కూర్చోమన్నా కూర్చునేవాణ్ణి!"

"నేను కూర్చున్నాను నాన్నా, ఆరు వారాలు!" కెరుమా గొంతు పెరిగింది. "ప్రతి మ్యాచూ చూశావుగా. చెప్పు, నేనెన్ని బంతులు వేశాను?"

మొరేయా తుడుచుకున్న చేతులే మళ్లీ తుడుచుకున్నాడు.

"చెప్పు. నీకు ముప్ఫై ఏళ్ల కిందటి స్కోర్లు కూడా గుర్తేగా."

"ఈసారి వేయిస్తారు…"

"ఒప్పందం కాగితం చదివావా? అందులో బౌలర్ అన్న మాటే లేదు. టీము ప్రతినిధి అని ఉంది. వాళ్లకి కావాల్సింది నా చెయ్యి కాదు, నా లంగా."

"ఆ డాన్సూ తప్పే," అంది బూబూ ఎవరూ అడక్కుండానే. "ఆ డప్పు మనది కాదు. ఏ దీవిదో తెచ్చి అతికించారు. పోయినేడే చెప్దామనుకున్నా. వీడు మురిసిపోతుంటే ఊరుకున్నా."

"అమ్మా, నువ్వు కాసేపు ఊరుకో!" అని తల్లిని కసిరి కూతురివైపు తిరిగాడు మొరేయా. "సరే, వెళ్లకు. ఇక్కడుండి ఏం చేస్తావ్? ఇంకో షాపులో ఇంకో నెలా?"

కెరుమా తల్లి వైపు చూసింది. బోయో చూపు ఆమె పాదాల దగ్గరే ఉంది.

"పిచ్‌లు తయారుచేస్తా," అంది కెరుమా. "నెలరోజులుగా ఆమిని పార్కు క్రికెట్ మైదానానికి వెళ్తున్నా. తెల్లారుజామున నేను పరిగెత్తడం లేదు నాన్నా. అక్కడ రోలర్ లాగుతున్నా. సోమవారం నుంచి ఉద్యోగంలో చేరమన్నారు."

"గడ్డి కోసే ఉద్యోగమా?" మొరేయా రెండు చేతులూ ముందుకి చాపాడు. "నా కూతురు గడ్డి కోస్తుందా? ఈ చేతులు చూడు!" మణికట్ల నుంచి మోచేతుల దాకా నిప్పురవ్వలు కాల్చిన మచ్చలు. "ఎవడి ఓడకో అతుకులేస్తూ బతికాను. నువ్వు అలా బతక్కూడదనేగా!"

"గల్ఫ్‌లో నిద్రపట్టక పొద్దున్నే స్టేడియంకి వెళ్లేదాన్ని. పిచ్ చూసుకునే ముసలాయన ఉండేవాడు, పాకిస్తాన్ నుంచి వచ్చాడు. ఆ ఎడారిలో ఇసక తప్ప ఏముంది? పిచ్‌కి మట్టి కూడా ఓడలో తెప్పించుకున్నారు. ఆయన నా చేతిలో ముద్ద పెట్టి, ఎంత తడుండాలో, ఎప్పుడు తొక్కాలో చెప్పాడు. ఆ ఆరు వారాల్లో నన్ను ఒక పని చెయ్యమన్న మనిషి ఆయనొక్కడే." ఆగి ఊపిరి తీసుకుంది. "నువ్వు శనివారం కోసం వారమంతా కాలే ఇనుము పట్టుకున్నావు. నాకు వారమంతా శనివారంలాగే ఉండాలి నాన్నా. ఆడటం మానేస్తానని ఎవరన్నారు?"

మొరేయా చెప్పులు కూడా వేసుకోకుండా చెక్కబాట మీద దబదబా నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

*

రేవు దగ్గర చేపలమ్మే మిత్రుడు, "పిల్ల గురువారమేనా వెళ్లేది?" అని పలకరించాడు. "ఆ, గురువారమే," అన్నాడు మొరేయా. అబద్ధం చెప్పాక అక్కడ నిలబడలేకపోయాడు. చర్చిదాకా వెళ్లాడు, వెనక్కొచ్చాడు. బస్సెక్కి రెండు స్టాపులకే దిగేశాడు. చివరికి ఒక పాత పడవ నీడన కూలబడి ఫోన్ తీశాడు.

ముందు ఆ డాన్సు వీడియో పెట్టుకున్నాడు, అలవాటుగా. ఈసారి కూతురి మొహం చూశాడు. పెదవులు నవ్వుతున్నాయి. కళ్లు మాత్రం పక్కకి, కెమెరా అవతల ఎవరి సైగ కోసమో చూస్తున్నాయి. ఇన్ని వందలసార్లు చూసి అది ఎలా చూడలేదు?

తర్వాత మ్యాచ్‌లు ఒక్కొక్కటీ వెతికి పెట్టాడు. వికెట్లు, సిక్సర్లు, క్యాచ్‌లు. ఎక్కడైనా, ఒక్క ఓవరైనా, కనీసం ఎవరికో దెబ్బ తగిలినప్పుడు ఫీల్డింగ్‌లోకైనా పిల్ల వచ్చిందేమోనని వేలితో జరుపుతూ పోయాడు. మధ్యాహ్నం దాటింది. ఎండ పడవ కిందకి వచ్చి కాళ్ల మీద పడింది. ప్రతిదాంట్లోనూ పిల్ల ఒంటి మీద నీళ్లందించేవాళ్ల పసుపు కోటు, చేతిలో సీసాలు. అంతే. ఆ సీసాలకే తను లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు.

ఇంటికి వచ్చాక అన్నం ముందు కూర్చున్నాడేగాని ముద్ద ఎత్తలేదు. కెరుమా గదిలోంచి రాలేదు. బోయో చేపముక్క అతని పళ్లెంలో వేస్తూ మెల్లగా అంది.

"తిరిగొచ్చిన దగ్గర్నుంచి అది తిన్నదేదీ ఒంటికి పట్టలేదు, మొరేయా. ఈ నెల మాత్రం రెండోసారి వడ్డించమని అడుగుతోంది. ఎందుకో నాకర్థం కాలేదు. ఇవాళ అర్థమైంది."

మర్నాడు కెరుమా వెళ్లిన గంటకి మొరేయా కూడా బయల్దేరాడు.

పార్కు గేటు అతనికి కొత్త కాదు. కాళ్లు వాటంతటవే మైదానం మధ్యకి నడిచాయి. పిచ్ మీద కెరుమా మోకాళ్ల మీద కూర్చుని, బొటనవేలితో మట్టి నొక్కి, వాసన చూసి, పక్కనున్న ఇద్దరు మగవాళ్లకి ఏదో చెబుతోంది. వాళ్లు మారుమాట్లాడకుండా రోలర్ ఆపేశారు. ఆమె భుజాలు ఇంట్లోలాగా బిగుసుకుని లేవు. ఎటో వెళ్లిపోవాలన్న ఆదుర్దా ఒంట్లో ఎక్కడా లేదు.

"నాన్నా! ఆగు! తడి మీద కాలెయ్యకు!"

మొరేయా ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగిపోయాడు. ఆ మైదానంలో అంపైర్లు తప్ప అతన్ని ఆగమన్నవాళ్లు ఇంతవరకూ లేరు. మెల్లగా కాలు వెనక్కి తీసుకుని, చుట్టూ తిరిగి వచ్చి, అంచున గడ్డిలో కూర్చున్నాడు. కెరుమా వచ్చి ఎదురుగా నిలబడింది. తిట్టడానికే వచ్చాడనుకుంది.

"ఒక్క బంతి కూడా వెయ్యనివ్వలేదు నిన్ను," అన్నాడతను. "నేను రోజూ చూశాను. చూస్తూ చప్పట్లు కొట్టాను తల్లీ. నువ్వక్కడ ఒక్కదానివీ అంత…" కాలిన మచ్చల చేతులతో మొహం కప్పుకుని పసివాడిలా ఏడ్చాడు.

కెరుమా అతని పక్కన చతికిలబడింది. చేతుల నిండా మట్టి ఉండటంతో మోచేత్తోనే తండ్రిని దగ్గరికి లాక్కుంది. ఆమెకీ ఏడుపు ఆగలేదు.

కాసేపటికి మొరేయా చొక్కా అంచుతో ముక్కు తుడుచుకుని పిచ్ వైపు చూశాడు. ఆ చూపు మారింది. పాత ఓపెనర్ చూపు.

"శనివారం మీ మ్యాచ్ ఇక్కడేనా?"

"ఇక్కడే."

"టాస్ గెలిస్తే ఏం తీసుకోవాలంటావ్?"

ఈ మైదానం గురించి తండ్రి ఇంకొకర్ని సలహా అడగడం కెరుమా ఎన్నడూ వినలేదు. లేచి ఎండనీ, గాలినీ, అటు చివర ఇంకా నల్లగా ఉన్న మట్టినీ చూసి, బాగా ఆలోచించి చెప్పింది.

"బ్యాటింగ్. మధ్యాహ్నం దాటాక బంతి తిరగడం మొదలెడుతుంది."

"ఎవరు వేస్తే తిరుగుతుందట?"

"నేను వేస్తే."