తిననోళ్ల బంతి

"తిననోళ్లు ఎవరన్న ఉన్నరా... తిననోళ్లూ!"

సందు చివరి నుంచి వచ్చింది ఆ కేక. చక్రపాణి ఠక్కున ఆగిపోయాడు.

దిల్‌సుఖ్‌నగర్‌లో కేకలకి లోటేముంది? సీతాఫలాల బండివాడు, పాత ఇనుము కొనేవాడు, బట్టల షాపు ముందు నిలబడి "రండక్కా, లోపలికి రండి" అంటూ చెయ్యి పట్టి లాగినంత పని చేసే కుర్రాళ్లు. కానీ ఇది ఆ బాపతు కేక కాదు. ఇంట్లో విస్తళ్లు వేశాక, వడ్డన మొదలుపెట్టే ముందు, ఎవరైనా మిగిలిపోయారేమోనని వీధిలోకొచ్చి పిలిచే పిలుపు. చిన్నప్పుడు తణుకులో విన్నాడు. మళ్లీ ఇదే వినడం.

"అద్గదీ! భోజనానికి పిలవడమంటే అదీ!" అన్నాడు పైకే. పక్కన మనిషి లేకపోయినా మాట్లాడటం ఆయనకి అలవాటు.

ఆయన సంగతి కాస్త చెప్పాలి. ఏ ఊరు వెళ్లినా గుడికంటే ముందు హోటలు వెతుక్కునే మనిషి. అదీ మెరిసే బోర్డులున్న చోటు కాదు. ఆటోవాళ్లు ఎక్కడ ఆగుతున్నారు, ఏ సందులోంచి పోపు వాసన వస్తోంది, అది చూసుకుని దూరిపోతాడు. తిన్నాక వంటవాడిని బయటికి పిలిపించి భుజం తడితే గానీ ఆయనకి అరగదు.

ఈసారి మాత్రం అది సరదా కాదు. వేసవిలో భార్య శ్రీకళకి కడుపులో రాళ్లు తీశారు. ఆ తరవాత ఆవిడ నాలుక చచ్చిపోయింది. ఏది పెట్టినా "తడిసిన అట్టముక్క నమిలినట్టుందండీ" అని కంచం పక్కకి నెట్టేస్తుంది. గాజులు మోచేతిదాకా జారిపోతున్నాయి. ఎల్బీ నగర్‌లో కూతురు రమ్య ఇంటికి తీసుకొచ్చి పెద్ద డాక్టరుకి చూపిస్తే, "జబ్బేం లేదండీ. తినాలి, అంతే. ఇంకో వారం ఇలాగే ఉంటే చేర్పించి ముక్కులోంచి గొట్టం వెయ్యాలి. అప్పుడు కూడా ఏమీ చెప్పలేను" అన్నాడు.

ఆ మాట విన్నప్పటి నుంచి చక్రపాణి కాళ్లు ఒకచోట నిలవలేదు. మెట్రో ఎక్కడం, తోచినచోట దిగడం, ముక్కు ఎటు లాగితే అటు నడవడం. మలక్‌పేట నుంచి మేక కాళ్ల పాయా తెచ్చాడు. మూసారాంబాగ్ నుంచి ఇడ్లీలు తెచ్చాడు. చంపాపేట్ నుంచి చేపల పులుసు, ఒలికిపోకుండా ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. శ్రీకళ ఆయన మొహం చూసి ఓ ముద్ద నోట్లో పెట్టుకునేది. తరవాత కళ్లతోనే క్షమించమనేది.

మిగిలింది ఇంట్లోవాళ్లు తినేవారు. రమ్య అత్తగారు కనకమ్మ, పోచంపల్లి మనిషి, మాట దాచుకోదు. "అన్న హైదరాబాదంత తిరిగి మా పొట్టలు పెంచవట్టె. మా ఒదినె పొట్ట జూస్తె ఎన్నుకంటుకునే ఉన్నది" అని నవ్వించేది. నవ్వుతూనే కొంగుతో కళ్లు ఒత్తుకునేది.

అదీ సంగతి. అందుకే ఆ మబ్బు పట్టిన మధ్యాహ్నం, కేక వినపడగానే, చక్రపాణి సందులోకి తిరిగాడు.

సందు లోపలికి పోయేకొద్దీ మెయిన్ రోడ్డు హారన్లు వీపు వెనక పలచబడ్డాయి. చివర నీలం తలుపు. బోర్డు లేదు. గడపలో ఓ ముసలామె నిలబడి ఉంది. కట్టుకున్నది కొత్త చీర. మడతల గీతలు ఇంకా పోలేదు.

"తినలేదా అయ్యా?"

"లేదమ్మా. ఘుమఘుమలు ఇక్కడిదాకా లాక్కొచ్చాయి!"

ఆమె నవ్వలేదు. పక్కకి తప్పుకుంది.

పొడుగాటి గది. కిటికీల్లేవు. ఓ మూల నేలమీద దీపం, పక్కన చెంబుతో నీళ్లు. కరెంటు లేదు కాబోలు అనుకున్నాడు. గోడ పొడుగునా ఒకే బంతి. అందరూ తల వంచుకుని తింటున్నారు. ఖాళీగా ఉన్న విస్తరి ముందు ఆయన కూడా కూలబడ్డాడు. నూనెలోంచి అప్పుడే తీసిన గారెల వాసన, వేయించిన నువ్వుల వాసన. వాటి వెనక, సన్నగా... తవ్విపోసిన తడి మట్టి వాసన.

గారె తుంచి నువ్వుల పచ్చడిలో అద్ది నోట్లో పెట్టుకున్నాడు.

ఇక చెప్పేదేముంది! పైన కరకర, లోపల వెన్న. అరటికాయ కూరలో ఆవ ఘాటు ముక్కుపుటాల దాకా వెళ్లింది. పరమాన్నం నాలుక మీద పడగానే ఆయనకి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇది గనక శ్రీకళ నోటికి తగిలితే! "అబ్బ, ఏం గారె అండీ!" అని పక్కాయన వైపు తిరిగాడు. పక్కాయన తలెత్తలేదు. అటువైపు నుంచి చల్లగా, నూతి గట్టు మీద కూర్చున్నట్టు, గాలి తగిలింది.

అప్పుడు గమనించాడు. ఇంతమంది తింటున్నారు. విస్తరి చప్పుడు లేదు. చప్పరింపు లేదు. దగ్గు లేదు. తన దవడల శబ్దం తనకే వినపడుతోంది.

పొట్లం కట్టమని అడిగాడు.

"ఈడికెల్లి ఒక్క మెతుకు బయటికి పోదయ్యా" అంది ముసలామె. "తినెటోళ్లే రావాలె."

"దానికేం భాగ్యం!" చెయ్యి కడుక్కుని లేచాడు. గడప దగ్గర, ఏ ఇంట్లో తిన్నా చివర్లో అనే మాటే, నోటికి అలవాటుగా వచ్చేసింది. "వస్తామమ్మా. దీపాలు పెట్టే వేళకి మా ఆవిడని కూడా తీసుకొస్తాను. శ్రీకళ అని, పాపం తిండి..."

బంతిలో చేతులన్నీ ఆగిపోయాయి. ఒక్కసారిగా. తలలన్నీ ఆయన వైపు తిరిగాయి. దీపం చాలకో ఏమో, మొహాలు కనపడలేదు.

ముసలామె దగ్గరికొచ్చి గుసగుసగా అడిగింది. "ఒస్తమన్నవా?"

"అన్నానమ్మా."

"ఈడ ఆ మాట ఎవ్వలు అనరు." బంతి వైపు ఓసారి చూసింది. "అన్నవ్ గద. సరే."

*

ఇంటికెళ్లేసరికి శ్రీకళ మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఆయన పక్కన కూర్చుని నుదుటి మీద చెయ్యి వేశాడో లేదో, ఆవిడ కళ్లు తెరిచింది. ఆ చెయ్యి పట్టుకుని వాసన చూసింది.

"గారెలా? నువ్వుల పచ్చడి కూడా!" లేచి కూర్చుంది. "నాకు ఆకలేస్తోందండీ."

ఎన్ని నెలలైంది ఆ మాట విని! రమ్య వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. కనకమ్మ రెండు చేతులూ జోడించి పైకి చూసింది. చక్రపాణి ఆగుతాడా? నీలం తలుపు దగ్గర మొదలుపెట్టి పరమాన్నం దాకా చేతులు తిప్పుతూ వర్ణించాడు. చెప్పేకొద్దీ కనకమ్మ మొహంలో నవ్వు తగ్గుతూ వచ్చింది.

"దీపం యాడున్నదన్నవ్? నేల మీదనా? పక్కన చెంబుల నీళ్లా?"

"అవును చెల్లెమ్మా. కరెంటు లేక..."

"ఎటు మొకం పెట్టి కూసోవెట్టిండ్రు?"

ఆయన ఆలోచించాడు. మెయిన్ రోడ్డు వీపు వెనక ఉంది. అంటే... దక్షిణం.

"పోయేటప్పుడు ఏమన్న అంటివా అన్నా?"

"ఏమంటాం? వస్తామన్నాను. మీ వదినని తీసుకొస్తానని పేరు కూడా చెప్పాను."

కనకమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "సచ్చినోళ్ల తిండి తిన్నంక ఒస్త అంటరా అన్నా! సప్పుడు జెయ్యక లేసి, ఎనకకు సూడకుంట రావాలె గాని!"

ఆయనకి తెలియక కాదు. తణుకులోనూ అదే పద్ధతి. దినం భోజనం చేసినవాడెవడూ వెళ్లొస్తామని చెప్పడు. కానీ హోటల్లో అది ఎవరికి గుర్తుంటుంది?

"అత్తమ్మా, మీరు మరీను," అంది రమ్య. "ఏదో మెస్సు అయ్యుంటుంది. అమ్మకి ఇన్నాళ్లకి ఆకలేసింది, ముందు పెట్టండి ఏదైనా."

పెట్టారు. శ్రీకళ కంచం వైపు చూడనైనా లేదు. "ఇది కాదు. అక్కడే తింటాను" అంది. చిన్నపిల్లలా నవ్వుతూ తల దువ్వుకోవడం మొదలెట్టింది. పట్టుచీర తీసి కట్టుకుంది. ఎంత బతిమాలినా పళ్లు బిగించేసింది.

కనకమ్మ చక్రపాణిని వంటింట్లోకి పిలిచింది. "పిలిచేది తిననోళ్లనే గద. ఒక్క ముద్ద లోపలికి దిగిందంటె ఒదినె తిన్న మనిషైతది. ఇగ పిలువరాదు. దీపాలు వెట్టే యాళ్ల లోపల ఎట్లన్న జేసి తినిపియ్యాలె. లేకుంటె..."

అంటూనే పచ్చిపులుసుకి చింతపండు నానేసింది.

చీకటి పడుతుండగా వాన మొదలైంది. కరెంటు పోయింది. రమ్య కొవ్వొత్తి కోసం తడుముకుంటోంది.

అప్పుడు... వీధిలోంచి...

"తిననోళ్లు ఎవరన్న ఉన్నరా... తిననోళ్లూ..."

దిల్‌సుఖ్‌నగర్ ఎక్కడ, ఎల్బీ నగర్ ఎక్కడ! చక్రపాణి చేతిలో గ్లాసు జారిపోయింది. మంచం వైపు చూశాడు. ఖాళీ. వీధి తలుపు బార్లా తెరిచి ఉంది.

"చెల్లెమ్మా! కంచం పట్రా!" అని అరుస్తూ మెట్లు దిగాడు.

వాన. చీకటి. దూరంగా మెట్రో పట్టాల కింద బండ్ల లైట్లు. ఈ సందులో మాత్రం ఏమీ లేదు. నిన్నటిదాకా బాత్రూముకి కూడా భుజం పట్టుకుని నడిచిన మనిషి... పట్టుచీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని... గబగబా వెళ్లిపోతోంది.

"శ్రీకళా!"

వెనక్కి తిరగలేదు.

సందు చివర కిరాణా కొట్టు ఉండాలి. లేదు. అక్కడ తలుపు తెరిచి ఉంది. లోపల, నేలకి ఆనించినట్టు, చిన్న దీపం. నువ్వుల వాసన వానని కూడా చీల్చుకుని వచ్చింది. గడపలో ఎవరో నిలబడ్డారు.

పరుగెత్తి శ్రీకళ చెయ్యి పట్టుకున్నాడు. మంచులా ఉంది చెయ్యి. ఆగలేదు. తననే లాక్కుపోతోంది.

"వదలండి. బంతి లేచిపోతుంది," అంది శ్రీకళ మెల్లిగా.

కనకమ్మ రొప్పుతూ వచ్చింది. కొంగు కింద కంచం. అన్నం, పచ్చిపులుసు, వానలో తడుస్తూనే. చక్రపాణి ముద్ద కలిపాడు. ఆవిడ పెదాలకి ఆనించాడు. పళ్లు బిగుసుకుని ఉన్నాయి.

"తినవే. ఒక్కటే. ఒక్క ముద్దేనే..."

పులుసు గడ్డం మీదుగా కారింది. లోపలికి పోలేదు. ఇంకో అడుగు. ఇంకో అడుగు.

"నువ్వెళ్తే నేనూ వ..." అనబోయాడు. కనకమ్మ ఆయన నోరు గట్టిగా మూసేసింది. "అనకు! ఆ మాట అనకు అన్నా!"

భార్య జబ్బ పట్టుకుని, చేతిలో ముద్దతో, వానలో ఊరికే నిలబడ్డాడు.

గడపలోంచి పిలుపు. ఈసారి కేక కాదు. చెవిలో చెప్పినట్టు.

"శ్రీకళా... ఒస్తవా?"

ఆవిడ బదులు పలకడానికి నోరు తెరిచింది. "వ..."

అంతే. ముద్ద లోపలికి తోసేశాడు. అరచెయ్యి అడ్డం పెట్టి నోరు మూసేశాడు. ఆవిడ గింజుకుంది. గోళ్లతో రక్కింది. కళ్లు గిర్రున తిరిగాయి. ఆయన వదలలేదు. తల తన గుండెకి ఆనించుకుని, "మింగు, మింగు" అంటూ ఉండిపోయాడు.

గొంతు కదిలింది.

ఆవిడ ఒళ్లు ఒక్కసారిగా బరువెక్కి ఆయన మీదికి ఒరిగిపోయింది. చాలాసేపటికి, ఆయన చెయ్యి తీశాక, నాలుకతో పెదాలు తడుముకుంది.

"పుల్లగా ఉందండీ" అంది ఏడుస్తూ. "ఉల్లిపాయ... పచ్చిమిరపకాయ కూడా తెలుస్తోంది."

సందు చివర కిరాణా కొట్టు షట్టరు మీద వాన టపటపా కొడుతోంది.

"ఎనకకు సూడొద్దు. నడువుండ్రి," అంది కనకమ్మ. ముగ్గురూ ఒకరినొకరు పట్టుకుని మెట్లెక్కారు.

*

కాసేపటికి కరెంటు వచ్చింది. అల్లుడు నరేష్‌కుమార్ డ్యూటీ నుంచి తడిసి ముద్దయి వచ్చాడు. ఎవరూ అతనికేమీ చెప్పలేదు. "ఏంది, అందరు ఏడ్సినట్టున్నరు?" అంటే, "ఉల్లిగడ్డలు కోసినం తియ్యి. కాళ్లు కడుక్కో" అంది కనకమ్మ.

హాల్లో చాప పరిచారు. ఇన్ని నెలల తరవాత మొదటిసారి అందరూ కలిసి కూర్చున్నారు. శ్రీకళ గోడవారగా, పక్కన చక్రపాణి, ఎదురుగా రమ్య, నరేష్. కనకమ్మ వడ్డిస్తూ తనూ ఓ కంచం పెట్టుకుంది.

శ్రీకళ తింటోంది. నిజంగా తింటోంది. అప్పడం విరిచింది. "ఇంకాస్త పులుసు వెయ్యి వదినా" అని కంచం చాపింది. రమ్య వెక్కిళ్లు ఆపుకుంటూ నవ్వుతోంది. "అన్నా, హైదరాబాదంత తిరిగితివి, దొరికిన హోటల్ మా ఇల్లే నాయె" అని కనకమ్మ ఎత్తిపొడిచింది. చక్రపాణి గట్టిగా నవ్వాడు. ఆ నవ్వులో వణుకు ఆయనకే తెలుసు. ముద్ద కలుపుకున్నాడు.

అప్పుడు శ్రీకళ, నములుతూనే, ఎడంచేత్తో కుచ్చెళ్లు దగ్గరికి లాక్కుని ఆయన వైపు కాస్త జరిగింది. బంతిలో ఆలస్యంగా వచ్చినవాళ్లకి చోటిస్తామే, అలా.

అటుపక్క గోడ తప్ప ఏమీ లేదు.

కనకమ్మ చేతిలో గరిటె గాలిలో ఆగిపోయింది. ఆమె చూస్తున్న చోటికే చక్రపాణి కూడా చూశాడు.

చాప కొస అక్కడ పైకి చుట్టుకుని ఉంది. మెల్లిగా... చాలా మెల్లిగా... అది నేలకి అణిగింది.

అందరూ తల వంచుకుని తినసాగారు.