కాగితం పాదం

ఉదయం ఏడుంపావుకి టైలరమ్మ కత్తెర మాయమైంది.

మామూలు కత్తెరైతే ఆ ఇంట్లో ఎవరూ కంగారుపడరు. ఇది గుడ్డ కత్తెర. పాతికేళ్ళుగా దానితో ఆవిడ కాగితం ముక్క కూడా కోయలేదు, ఇంకొకర్ని కోయనివ్వలేదు. ఒకసారి కూతురు దానితో పాల పాకెట్టు కత్తిరించబోతే ఆవిడ వేసిన కేకకి పాకెట్టు చేతిలోంచి జారి పగిలింది.

“ఏమే, నా కత్తెరేది?”

“నేను ముట్టుకుంటానా అమ్మా? ఇంకా చాలా ఏళ్ళు బతకాలని ఉంది నాకు.”

కూతురు జడ వేసుకుంటూనే వెతకడం మొదలుపెట్టింది. మిషను కింద లేదు, గుడ్డల బుట్టలో లేదు. వెనక తలుపు తీసిందో లేదో, అక్కడే ఆగిపోయింది. మెట్టు మీద తండ్రి కూర్చుని ఉన్నాడు. మోకాళ్ళ మధ్య కొత్త బూటు. చేతిలో గుడ్డ కత్తెర. దాని మొన బూటు పక్కన తోలులోకి దిగబోతోంది.

“నాన్నా!”

“ష్! అరవకే తల్లీ. మీ అమ్మ వింటే బూటు వదిలేసి నన్ను కోస్తుంది.”

అప్పుడు చూసింది ఆమె తండ్రి పాదాల్ని. బొటనవేలి గోరు నల్లగా కమిలిపోయింది. చిటికెన వేలు పచ్చిపుండు. తెల్లారకముందే తొడుక్కున్న సాక్సులు పడుకునేటప్పుడు కూడా విప్పని మనిషి. ఆ పాదాలు ఇంట్లో ఎవరికీ కనపడి ఎన్నాళ్ళయిందో.

ఆ రోజు పదింటికి ఆయనకి నడక పరీక్ష. ఆయన నీటి సరఫరాలో లైను ఇన్‌స్పెక్టరు. భూమిలో పాతిన పెద్ద పైపు వెంట నడుస్తూ, ఇనప కడ్డీ ఒక కొస నేలకీ ఇంకో కొస చెవికీ ఆనించి, ఎక్కడ నీళ్ళు కారిపోతున్నాయో వినడం ఆయన పని. ఏభై దాటినవాళ్ళు మూడేళ్ళకోసారి పంపు హౌసు నుంచి రిజర్వాయరు దాకా ఎనిమిది కిలోమీటర్లు గంటన్నరలో నడిచి చూపించాలి. రాళ్ళదారి కాబట్టి చీలమండ దాటిన తోలు బూట్లు ఉండి తీరాలి. నడవలేనివాళ్ళకి మర్నాటి నుంచి పంపు హౌసులో ఓ కుర్చీ, ముందొక రిజిస్టరు. ఆ కుర్చీ మాటెత్తితే ఆయనకి ముద్ద దిగదు. పోయిన వారం తనంతట తను నడిచి చూసుకుంటే గంటా యాభై నిమిషాలు పట్టింది.

“నా కత్తెరతో తోలు కోస్తున్నారా!”

టైలరమ్మ వచ్చేసింది. ఇన్‌స్పెక్టరు బూటు వెనక్కి దాచేశాడు.

“కొయ్యలేదు. కోద్దామనుకున్నానంతే.”

“రెండు నెలలు కాలేదు కొని! అంత గట్టి తోలు, పదేళ్ళు చూసుకోనక్కర్లేదని ఏరి ఏరి తెచ్చాను!”

“అమ్మా, తర్వాత తిట్టుకో. ముందు ఆ కాలు చూడు. బూటు బాగా చిన్నదైపోయింది.” కూతురు బూట్ల షాపులో చేరి మూడు వారాలే అయింది. అయినా ఈ మాత్రం చెప్పగలదు.

“చిన్నదెలా అవుతుందే? కొలత పెట్టి కొన్నాను. నా కొలత ఎప్పుడన్నా తప్పిందా?”

మాట పౌరుషం దాకా వెళ్ళింది. ఆవిడ విసురుగా లోపలికెళ్ళి రేకుపెట్టె తెచ్చింది. వీధిలో సగం మంది భుజాలు, నడుములు అందులో కాగితాలై ఉన్నాయి. అన్నిటికన్నా అడుగున ఓ గోధుమరంగు మందపాటి కాగితం, పాదం ఆకారంలో. పెళ్ళయిన కొత్తలో గీసి, బ్లేడుతో కోసిన పాదం. ఎప్పుడు బూట్లు కొన్నా ఆవిడ ఒక్కతే వెళ్ళేది. ఈ కాగితాన్ని బూటులోకి తోసి, ముడత పడకుండా కూర్చుంటే కొనేది. నంబరెంతమ్మా అని అడిగితే, “నంబర్లు మీకు, కాగితం నాకు” అనేది.

కూతురు ఆ కాగితాన్ని నేల మీద పరిచింది. “నాన్నా, దీని మీద నించో.”

“ఇప్పుడివన్నీ ఎందుకే, టైమవుతోంది.”

“నించో!”

ఆయన కుడికాలు పెట్టాడు.

కాగితం కనిపించలేదు.

మడమ దగ్గర లేదు, పక్కన లేదు. బొటనవేలు పూర్తిగా సిమెంటు నేల మీద ఉంది. టైలరమ్మ మోకాళ్ళ మీద కూర్చుని, వంగి, అంచు కోసం వేలితో తడిమింది. వేలికి చర్మమే తగిలింది.

“ఎన్నేళ్ళ నుంచి?”

“ఓ ఏడెనిమిదేళ్ళు. పాత జతలు మెత్తన, సాగి సాగి సర్దుకునేవి. ఇది గట్టి తోలు కదా, సాగనంటోంది.”

“మరి మోకాళ్ళ నొప్పులు?”

“మోకాళ్ళు బాగానే ఉన్నాయి.”

“బాగానే ఉన్నాయా! రోజూ పడుకునే ముందు నూనె రాయించుకున్నారు కదండీ!”

“కుంటుతుంటే మోకాళ్ళేనన్నావు. నేను కాదనలేదు.” ఆయన గొంతు తగ్గించాడు. “నూనె రాస్తే హాయిగానే ఉండేది.”

కూతురు పెదవి కొరుక్కుంది. కానీ తల్లి మొహం చూశాక నవ్వు ఎటో పోయింది.

“ఎదురింటావిడ నడుం అరంగుళం పెరిగినా ఆవిడకన్నా ముందు నాకు తెలుస్తుంది. ఇంట్లో మనిషి పాదం తెలియలేదు. ఇన్నేళ్ళూ నా చేత్తో నొప్పిని కొని తెచ్చానన్నమాట.” ఆవిడ రేకుపెట్టె మూత దబ్బున మూసింది. “నోరు తెరిచి ఒక్క మాట చెప్పొచ్చుగా? నేనేమన్నా పులినా?”

ఆయన కత్తెరని మెల్లగా ఆవిడకి అందనంత దూరం జరిపాడు.

“ఏడుపులూ సంజాయిషీలూ సాయంత్రం!” కూతురు స్కూటరు తాళం అందుకుంది. “ఎనిమిది కావస్తోంది. మా ఓనరుగారు షాపు పైనే ఉంటారు. ఎక్కండి ఇద్దరూ!”

ఒక స్కూటరు, ముగ్గురు మనుషులు. ఇన్‌స్పెక్టరు చేతిలో ఇనప కడ్డీ జెండాలా లేచి ఉంది. మలుపు దగ్గర ఎవరో ఊరేగింపనుకుని దారిచ్చారు.

ఓనరు పెద్దాయన షట్టరు ఎత్తేసరికి ఎనిమిదీ పది. బూట్లు అమ్మడంలో జుట్టు నెరిసిన మనిషి. ఇన్‌స్పెక్టర్ని కొలత పలక మీద నిలబెట్టి, కూర్చోబోతే కసిరాడు. “కూర్చుని తీస్తే కుర్చీలో కూర్చోవడానికే పనికొస్తాయి. బరువు పడాలి. ఊఁ, కుడి పది. ఎడమ పదిన్నర. పెద్ద కాలికే కొనాలి.”

మూడు జతలు వచ్చాయి. మొదటిదాన్ని పెద్దాయన చేతుల్తో వంచాడు. నడిమికి మడిచిన పుస్తకంలా వంగింది. “మన పాదం వేళ్ళ దగ్గర వంగుతుంది. ఇది మధ్యలో వంగుతోంది. పక్కన పెట్టు.” రెండోది వేసుకుని నాలుగడుగులు నడిస్తే మడమ లేచి లేచి పడింది. మూడోదానికి అడుగు అట్ట జిగురుతో అంటించింది కాదు, చుట్టూ కుట్టింది. ఆ కుట్టు చూడగానే టైలరమ్మ కళ్ళు మెరిశాయి. “అరిగితే అట్ట మార్పించుకోవచ్చమ్మా” అన్నాడు పెద్దాయన. ఆవిడ వంగి బూటు ముందు నొక్కి చూసింది. వేళ్ళకీ కొసకీ మధ్య బొటనవేలంత ఖాళీ.

ఇన్‌స్పెక్టరు షాపు ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచాడు. మళ్ళీ నడిచాడు.

“కదుల్తున్నాయే!” అన్నాడు భార్యతో, ఎవరికీ తెలియని సంగతి చెబుతున్నట్టు. “వేళ్ళు... లోపల కదుల్తున్నాయి!”

“ప్యాక్ చెయ్యండి. కాదు, అలాగే వేసుకుపోతారు,” అంది టైలరమ్మ. “పదింటికి ఎనిమిది కిలోమీటర్లు నడవాలి.”

పెద్దాయన చేతులు ఆగిపోయాయి. “ఇవాళా? అయితే అమ్మను.”

“అమ్మరా!”

“కొత్త తోలమ్మా. ఇంట్లో రోజుకో గంట చొప్పున రెండు వారాలు తొడిగితే గానీ దారికి రాదు. ఇవాళే ఎనిమిది కిలోమీటర్లంటే నాలుగోదానికి బొబ్బలు, ఐదోదానికి నెత్తురు. నేనమ్మను.”

“బేరం వద్దనే షాపువాణ్ణి ఇప్పుడే చూస్తున్నాను!”

గోడ గడియారం ఎనిమిదీ నలభై. ఇన్‌స్పెక్టరు వంగి బూటు తాడు విప్పడం మొదలుపెట్టాడు. అప్పటికే ఆ కుర్చీ కళ్ళముందు కనపడుతున్నట్టుంది ఆయనకి.

కూతురు మాత్రం తండ్రిని చూడటం లేదు. పెద్దాయన కాళ్ళకేసి చూస్తోంది. అవే బూట్లు. అదే కుట్టు. రెండేళ్ళ వాడకంలో వేళ్ళ దగ్గర మెత్తగా గీతలు పడి, నల్లగా నిగనిగలాడుతున్నాయి.

“సార్, మీ సైజెంత?”

“పదిన్న...” పెద్దాయన మాట మింగేశాడు. “అమ్మాయ్, వద్దు.”

“వచ్చినవాళ్ళందరికీ చెప్తారుగా, నా బూట్లు వేసుకుంటే కొండైనా ఎక్కొచ్చని!”

“మాటవరసకి చెప్తానే!”

“సార్!”

పెద్దాయన ముగ్గుర్నీ మార్చి మార్చి చూశాడు. గట్టిగా నిట్టూర్చి, స్టూలు మీద కూలబడి తాళ్ళు విప్పాడు. తన పాదం అచ్చు పడ్డ మెత్తను లోపల్నుంచి లాగేసి కొత్తది పరిచాడు. మందం సాక్సులు ఇచ్చాడు. చీలమండ దగ్గర తాడు రెండు చుట్లు తిప్పి బిగించాడు. “పల్లంలో దిగేటప్పుడు కాలు ముందుకి జారదు. పాసైతే సాయంత్రం తెచ్చివ్వండి. కాకపోతే మీరే ఉంచుకోండి, వాటి మొహం నేను చూడలేను.”

ఆ పూట వచ్చినవాళ్ళకి ఓనరుగారు ఉత్త సాక్సుల మీదే నిలబడి బూట్లు అమ్మారు.

పదకొండున్నర గడువు. పదకొండుంపావు కల్లా పరీక్షకొచ్చిన మిగతా నలుగురూ రిజర్వాయరు గేటు దగ్గరికి వచ్చేశారు. ఇన్‌స్పెక్టరు జాడ లేదు. ఇరవై. ఇరవై నాలుగు. టైము రాసుకునే ఆఫీసరు పెన్ను మూత తీశాడు.

“నా వల్లే,” టైలరమ్మ చీర కొంగు నలిపేస్తోంది. “నా కాగితం వల్లే.”

“అమ్మా, అటు చూడు!”

మలుపులో ఎర్రటి దుమ్ము లేచింది. దుమ్ములోంచి ముందు ఇనప కడ్డీ, తర్వాత మనిషి. ఇన్‌స్పెక్టరు నడవడం లేదు. పరిగెడుతున్నాడు! ఏభై నాలుగేళ్ళ మనిషి, రాళ్ళ మీద, ఒక్క అడుగు కుంటకుండా!

“పరిగెత్తు నాన్నా!” కూతురు గేటెక్కేసింది. టైలరమ్మ నోటికి అడ్డుపెట్టుకున్న చెయ్యి తీసేసి, రిజర్వాయరు గట్టంతా వినపడేలా అరిచింది. “రండి! రండి!”

పదకొండూ ఇరవై ఎనిమిది. ఆయన గీత దాటి, కడ్డీ మీద వాలి, రొప్పుతూ అన్నాడు. “ఆరో కిలోమీటరు... రాయి పక్కన... లీకుంది సార్. సుద్దతో గుర్తు పెట్టొచ్చాను.”

“పరీక్ష మధ్యలో ఆగి లీకు విన్నారా?” ఆఫీసరు తెల్లబోయాడు.

“ఆగకుండా ఎలా సార్? వినపడుతోందిగా!”

ఆఫీసరు పకపకా నవ్వి కాగితం మీద ముద్ర గుద్దాడు. టైలరమ్మ ఏడుస్తూనే మొగుణ్ణి తిట్టింది.

సాయంత్రం పాలిష్ చేసిన బూట్లు పెద్దాయనకి చేరాయి. కొత్త జత ఇంటికొచ్చింది. పాదం సాయంత్రానికి కాస్త పొంగుతుంది కాబట్టి కొలత అప్పుడే తీయాలని పెద్దాయన చెప్పాడట. టైలరమ్మ కొత్త కాగితం పరిచి, పెన్సిలు పట్టుకుని నేల మీద కూర్చుంది.

“ఇప్పుడు చెప్పండి. ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు?”

ఆయన కొత్త కాగితం మీద కాలు పెట్టాడు. “ఈ ఇంటికొచ్చిన కొత్తలో నువ్వు ఐదు రోజులు నోరు విప్పలేదు. నేను నచ్చలేదేమో అనుకున్నాను. ఆరో రోజు కాగితం తెచ్చి, కాలు పెట్టండి అన్నావు. పెన్సిలు అరికాలి వంపు దగ్గరికి రాగానే చక్కిలిగింత పుట్టి ఎగిరిపడ్డాను. నువ్వు నవ్వేశావు. ఈ ఇంట్లో నీ మొదటి నవ్వు ఆ కాగితం మీదే. దాన్ని పట్టుకుని తప్పు కొలత అని ఎలా అనను?”

పెన్సిలు గీత మీద ఓ చుక్క పడింది. ఆవిడ దాన్ని అరచేత్తో తుడిచేసింది.

“కదలకండి,” అంది కరుగ్గా.

అరికాలి వంపు దగ్గర ఆయన మళ్ళీ ఎగిరిపడ్డాడు. గీత వంకర పోయింది. ఇద్దరూ ఒకేసారి నవ్వారు. తలుపు దగ్గర నిలబడ్డ కూతురు వాళ్ళనలా ఎప్పుడూ చూడలేదు.

ఆవిడ గీత చుట్టూ ఇంకో గీత గీసింది, వేళ్ళ ముందు బొటనవేలంత ఎడంగా.

“ఇదెందుకు?”

“రవికెకైతే లోపల గుడ్డ వదుల్తాను, ఎప్పుడన్నా కుట్టు విప్పి వదులు చేసుకోవాల్సొస్తుందని. మీకే వదల్లేదు.”

పాత కాగితాన్ని ఆయన మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆవిడ చెయ్యి చాచి గుడ్డ కత్తెర అందుకుని, కొత్త పాదాన్ని గీత వెంట కోయడం మొదలుపెట్టింది.

“అమ్మా! అది గుడ్డ కత్తెర! కాగితం కోస్తున్నావు!”

టైలరమ్మ తలెత్తలేదు. “నోర్ముయ్యవే. ఇది కాగితమని ఎవరన్నారు?”