తేనెటీగ కాళ్ళకంటిన పుప్పొడి

టేపు పట్టుకుని లోపలికి రాబోయిన జయంత్‌ని ఉషశ్రీ గుమ్మంలోనే ఆపేసింది.

విజయవాడలోని ఆ యూనివర్సిటీలో అతను కొత్తగా చేరిన ఇంజనీరు. ఆమె జువాలజీలో రిసెర్చ్ స్కాలర్. మ్యూజియంలో పురుగుల గదిని చూసుకునేది ఆమే. ఆ గదిలో కంప్యూటర్ ల్యాబ్ పెట్టాలని, కొలతలు తీసుకురమ్మని అతన్ని పంపారు.

"చచ్చిపోయిన పురుగులే కదండీ, ఫోటోలు తీసి పెట్టుకుంటే సరిపోదా?" అన్నాడతను, అమాయకంగానే.

ఆమెకు కోపం వచ్చింది. అయినా ఒక అద్దాల పెట్టె అతని ముందు పెట్టి, భూతద్దం చేతికిచ్చింది.

"ఈ తేనెటీగ కాళ్ళు చూడండి. ఆ పసుపు పుప్పొడి కనిపిస్తోందా? మా తాతల కాలంలో ఉయ్యూరు దగ్గర పట్టారు దీన్ని. ఆ పుప్పొడిని పరీక్షిస్తే అప్పుడక్కడ ఏ పూలు పూసేవో తెలుస్తుంది. ఫోటోలోంచి పుప్పొడి తీయగలరా?"

జయంత్ భూతద్దంలోంచి చూశాడు. తలెత్తి ఆమెను చూశాడు. ఆ రోజు కొలతలు తీసుకోవడమే మర్చిపోయాడు.

మర్నాడు మళ్ళీ వచ్చాడు. కొలతల పని అయిపోయాక కూడా వస్తూనే ఉన్నాడు. తూనీగల గురించీ పేడపురుగుల గురించీ ఆమె చెబుతుంటే వింటూ కూర్చునేవాడు. ఆ గదిలోని కలరా ఉండల వాసన కూడా అతనికి బాగానే అనిపించసాగింది.

అంతలో పెట్టెలన్నీ కింద స్టోర్‌రూమ్‌లోకి మార్చబోతున్నారని కబురొచ్చింది. అదంతా జయంత్ పనే అనుకుని ఉషశ్రీ మాట్లాడటం మానేసింది. అతను పలకరించినా తలెత్తలేదు.

రిజిస్ట్రార్ గదిలో మీటింగ్ జరిగిన రోజు అందరికంటే ముందు జయంతే లేచాడు. స్టోర్‌రూమ్ గోడలు చెమ్మగా ఉన్నాయనీ, ఒక్క వానాకాలానికే పురుగులన్నీ బూజు పట్టిపోతాయనీ చెప్పాడు. లైబ్రరీ పైనున్న హాలు తాను కొలిచి చూశాననీ, కంప్యూటర్లకు అది సరిపోతుందనీ అన్నాడు. ఇంతకీ ఈ పురుగుల వల్ల ఉపయోగమేమిటని రిజిస్ట్రార్ అడిగితే, "ఆవిడ చెప్తారండీ" అని ఉషశ్రీ వైపు తిరిగాడు.

ఆమె లేచి నిలబడింది. పొలాల్లో మందులు కొట్టడం మొదలుకాకముందు డెల్టాలో ఏ పురుగులుండేవో, ఏవి కనబడకుండా పోయాయో తేల్చుకోవడానికి తమ దగ్గరున్న ఆధారం ఇవేననీ, పాడైపోతే మళ్ళీ పట్టి తేలేమనీ చెప్పింది. రిజిస్ట్రార్ గదిని అలాగే ఉండనివ్వమన్నారు.

బయట వాన. వరండాలో ఇద్దరే మిగిలారు.

"మిమ్మల్ని అపార్థం చేసుకున్నాను. సారీ అండీ" అంది ఉషశ్రీ. అతని వైపు తిరిగి, "ఇదంతా నా కోసం చేశారా?" అని అడిగింది.

"పురుగుల కోసమే చేశానండీ. అవి ఉండాల్సినవే" అన్నాడు జయంత్. "కానీ రోజూ వచ్చింది మాత్రం మీ కోసమే. మీరంటే నాకు చాలా ఇష్టం."

ఆమె వానకేసి చూస్తూ నవ్వింది.

"ఇష్టమని చెప్పి, ఇంకా ఈ మీరూ అండీ ఏంటి?"

"మరి ఏమనాలండీ?"

"ఉషా అను, చాలు."

అతను అన్నాడు, చాలా మెల్లగా. వాన చప్పుడులో వినిపించలేదంటూ ఆమె మళ్ళీ అనిపించుకుంది.