వేలికి పట్టేసిన ఉంగరం

"ఒరేయ్ ముబారక్, ఆ ఎడమ చెయ్యి జేబులో పెట్టి కుట్టేసుకున్నావా ఏంది?"

గడపలోనే అమ్మ నజీమా అడిగింది. శుక్రవారం జుమ్మా నమాజుకని బడి నుంచి వచ్చిన ముబారక్ టోపీ కోసం లోపలికి దూరాడు.

ఇల్లంతా చిందరవందరగా ఉంది. పరుపులు తిరగేసి ఉన్నాయి. బియ్యం డబ్బా మూత కూడా తీసి ఉంది. అక్క, షాహిస్తా ఆపా, మూలన కూర్చుని ఏడుస్తోంది. ఆమె నిశ్చితార్థం ఉంగరం కనబడటం లేదు. సాయంత్రానికి గురజాల నుంచి మగపెళ్ళివారు వచ్చేస్తారు.

"నిన్న గోరింటాకు పెట్టించుకుంటూ తీసి అలమారలో పెట్టా, అమ్మీ!" అంది ఆపా.

"గోరింటాకు పెట్టను వచ్చింది పక్క సందు అబిదా ఒక్కతేగా! పొద్దున పోయి అడిగితే ఒట్టేసి ఏడ్చింది. ఏడిస్తే సరిపోద్దా?" అంది అమ్మ.

దొంగకు తేలు కుట్టినట్టయింది ముబారక్ పని. ఉంగరం ఎక్కడికి పోతుంది? జేబులో, వాడి వేలికే ఉంది!

అంతా తోటి పిల్లాడు తేజ వల్ల వచ్చింది. పుట్టినరోజుకు పెట్టిన బంగారు ఉంగరాన్ని క్లాసులో అందరికీ చూపించి, "మీ ఇంట్లో ఇట్టాంటియ్యి ఉండవులే" అన్నాడు. ముబారక్‌కు ఒళ్ళు మండింది. పొద్దున ఎవరూ చూడకుండా ఆపా బంగారు ఉంగరం వేలికి ఎక్కించుకుని బడికి పోయాడు. తేజ నోరెళ్ళబెట్టాడు. ఆ ముచ్చట కాసేపే. తీయబోతే రాలేదు. సబ్బు రాసి లాగాడు. వేలు వాచి ఉంగరం ఇంకా బిగిసింది.

ఇప్పుడే చెప్పేద్దామనుకున్నాడు. అంతలోనే టోపీ లాక్కుని మసీదుకు పరుగెత్తాడు.

నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కుని వజూ చేసుకోవడానికి చివరి కుళాయి దగ్గర కూర్చుంటే, బైకుల షెడ్డు నుంచి వచ్చిన నాన్న మక్బూల్ సరిగ్గా పక్కనే చతికిలబడ్డాడు.

"పిడికిలి విప్పరా. వేళ్ళ సందుల్లోకి నీళ్ళు పోకపోతే వజూ ఎట్టయిద్ది?"

విప్పక తప్పలేదు. నాన్న ఉంగరం వంక చూశాడు, కొడుకు ముఖం వంక చూశాడు. అరవలేదు. దాంతో ముబారక్‌కు మరీ భయమేసింది.

"తేజ పెట్టుకోలా, అబ్బాజాన్? నేను పెట్టుకుంటే ఏంది?"

"తేజ వాళ్ళకి తప్పులేదురా. మన మతంలో, దీన్‌లో, మగోళ్ళకి బంగారం వద్దన్నారు ప్రవక్త. వెండి ఉంగరం పెట్టుకోవచ్చు, ఇదుగో నాకుందిగా. ఆడోళ్ళయితే రెండూ పెట్టుకోవచ్చు." నాన్న ఉంగరాన్ని మెల్లగా తిప్పుతూ దాని కిందికి నీళ్ళు పోనిచ్చాడు. "అడిగితే నీకూ వెండిది చేయించేవాణ్ణిగా."

"అబిదా ఖాలా ఏడ్చిందంట," అన్నాడు ముబారక్ తల దించుకుని. పిన్ని వరసని ఆమెను ఖాలా అంటాడు వాడు.

"ఊఁ. మీ అమ్మ ఫోన్ చేసింది. ముందు నమాజు చదువుకుందాం పద."

ఇమాం గారి మాట ఒక్కటీ వాడి చెవికెక్కలేదు. కూర్చోలేడు, కదల్లేడు. పోయిన వారం ఈ జేబు చిరిగితే కుట్టింది కూడా దర్జీ పని చేసే అబిదా ఖాలానే!

నమాజు అవగానే పరుగు తీశాడు. ఇంటికి కాదు, ఖాలా ఉండే పక్క సందుకి. ఆమె మిషన్ ముందు ఊరికే కూర్చుని ఉంది. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి.

"ఖాలా, ఉంగరం తీసింది నేను. ఇదుగో."

"నువ్వా? పొద్దుటి నుంచి మంచినీళ్ళు కూడా దిగలేదురా నాకు!" అని కసిరింది. అంతలో కమిలిన వేలు కనబడింది. "ఇటియ్యి. కదలమాక."

దారం కొస ఉంగరం కిందుగా దూర్చి, వేలికి బిగించి చుట్టింది. ఆ కొస పట్టుకుని మెల్లగా లాగుతుంటే ఉంగరం దారం మీదుగా జారింది. ముబారక్‌కు ప్రాణం పోయినంత నొప్పి పుట్టింది. అయినా కిక్కురుమనలేదు.

"తీసుకుపో. నేను మాత్రం మీ గడప తొక్కను."

పరుపు కింద దొరికిందని చెప్తే పోలా? ఆ ఆలోచనా వచ్చింది వాడికి. తల విదిలించుకున్నాడు.

"రా ఖాలా. నేను చెప్పేది నువ్వు కూడా వినాల."

చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఆమె గేటు దాకా వచ్చి ఆగిపోయింది. ముబారక్ గడప మీద నిలబడి, ఉంగరం పైకెత్తి, సందంతా వినబడేలా అరిచాడు.

"అమ్మీ! ఉంగరం తీసింది నేను! అబిదా ఖాలా కాదు!"

తడి చేతులతో పరుగెత్తుకొచ్చిన అమ్మ వాణ్ణి చూసింది. గేటు దగ్గర అబిదాను చూసేసరికి సిగ్గుతో ఆమె ముఖం కందిపోయింది.

"అబిదా, తప్పయిందమ్మా... లోపలికి రా," అంది.

ఇరుగుపొరుగు వాళ్ళంతా బయటికొచ్చి వాడినే చూస్తున్నారు. ముబారక్ చెయ్యి జేబులో పెట్టుకోలేదు.