జమ్లీ ఇంటి పిడికెడు

ఇబ్రహీంపట్నం డిపో నుంచి మొదటి బస్సు తండా దాటేసరికి కేస్లీ చాటలో గోధుమలు ఏరుతోంది. ఆరేళ్ల తర్వాత తండాలో తీజ్ పండుగ. పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో పుట్టమన్ను నింపి, నానబెట్టిన గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్లు పోసి పెంచాలి. ఇంటింటి పిడికెడూ ఒక్క గంపలో కలిస్తేనే అది విత్తనం.

ఆరేళ్ల కిందట కేస్లీ బావ, భర్తకు అన్న అయిన మల్లా, తండా పశువులు మేసే బీడును ప్లాట్లవాళ్లకు సంతకం చేసిచ్చాడు. దాంతో తండా రెండు ముక్కలై, పండుగ ఆగిపోయింది. తర్వాత మల్లా చనిపోయాడు, పగ మాత్రం మిగిలింది. ఈ ఏడు సర్పంచైన కేస్లీ కాళ్లరిగేలా తిరిగి ఒక్కొక్కరినీ మెత్తబరిచింది.

"నవతా, బుట్ట తియ్యే, మన్ను పోద్దాం."

కూతురు కదల్లేదు. "నేను తియ్య, యాడీ. ఎన్ని ఇండ్ల గోధుమలు తెచ్చినవ్?"

"తండా మొత్తం తిరిగిన. నలభై ఇండ్లు."

"నలభై ఒకటున్నయ్. పెద్దమ్మ ఇంటికి పోలే నువ్వు."

కేస్లీ చేతిలో చాట ఆగింది. "గామె మొగడు బీడమ్మిండు, యాది లేదా?"

"అమ్మింది పెద్దబాపు. పెద్దమ్మ ఏం జేసింది? ఆయన పోయిన్నాడు నువ్వు తలుపు గడియ పెట్టుకొని కూసున్నవ్. అందరినీ కలవుమంటవ్, నువ్వెప్పుడు కలుస్తవ్?"

కేస్లీకి కోపంతో చెయ్యి లేచింది. లేచిన చెయ్యి అట్లాగే దిగిపోయింది. ఊరికి శకునం చెప్పిన బల్లి కుడితిలో పడ్డట్టయింది ఆమె పని. సిగ్గుతో లేచి, చాటలోని గోధుమలు గంపలోకి ఒంపి, ఖాళీ చాటతోనే నడిచింది.

తోటికోడలు జమ్లీ వాకిలి ఊడుస్తోంది. తల ఎత్తలేదు.

"అక్కా, బావ పోయిన్నాడు రావాల్సుండె. రాలే. తప్పు నాదే."

"గోధుమల కోసం వచ్చినవా?"

"అవ్. నువ్వియ్యకుంటే పండుగ ఆపేస్త."

జమ్లీ చీపురు గోడకు ఆనించి, లోపలికి వెళ్లి గిన్నె తెచ్చింది. అందులో గోధుమలు అప్పటికే నాని ఉబ్బి ఉన్నాయి.

"అందరిండ్లకు పోతున్నవని విని నిన్ననే నానబోసిన. ఇయ్యాల మాపటిదాక చూసి కోళ్లకేద్దామనుకున్న."

కేస్లీ గిన్నె పట్టుకుని భోరుమంది. ఆరేళ్ల బరువు ఆ ఏడుపులో కరిగింది.

"గింజల మీద ఏడ్వకు, ఉప్పగైతయ్," అంది జమ్లీ, తన కళ్లు కొంగుతో ఒత్తుకుంటూ. "పా, మన్ను నేను కలుపుత. నీకు ఎప్పుడూ కుదరదు."

ఇద్దరూ వచ్చేసరికి నవత బుట్ట తీసి వాకిట్లో పెట్టింది.