సమశీతంలో గొంగళి నడక

బొచ్చుకుక్క గొంగళి కాళ్లు ఒక్కొక్కటే ఎత్తి నూకరత్నం పాదాల మెత్తలు చూసింది. ఛాతీపట్టీ బిగించి, దాని కింద రెండు వేళ్లు దూరుతున్నాయో లేదో సరిచూసుకుంది. నీళ్లసీసా నడుముకి తగిలించుకుంది. చివరగా తన మెడ వెనక ఉన్న సమశీత పట్టీని ఒకసారి నొక్కుకుని గేటు దాటింది. గేటు మీది పలకలో పచ్చటి అక్షరాలు వెలుగుతున్నాయి: ఇరవై మూడు డిగ్రీలు. సమశీతం. నడకకు అనుకూలం.

ఆ ఊళ్లో పదకొండేళ్లుగా రోజూ ఇరవై మూడే. ఊరిని చల్లబరచడం చేతకాక, పట్టీలు అంటించి, చల్లగా ఉందని మనుషుల ఒంటికే నచ్చజెప్పారు. దాహం కూడా తెలియదు గనక గంటకోసారి నీటిగంట మోగేది, అందరూ ఉన్నచోటే ఆగి తాగేవారు. ఎవరైనా నడుస్తూ నడుస్తూ కూర్చుని ఇక లేవకపోతే ‘కుదురుకున్నారు’ అనేవారు. తెల్లబండి వచ్చి తీసుకుపోయేది. నూకరత్నం పెనిమిటి తవిటయ్య మూడేళ్ల కిందట అలాగే కుదురుకున్నాడు. అతని మొహంలో నవ్వు చెదరలేదు. ఆ నవ్వు చూసి ఆమెకి ఏడుపు రాలేదు. అందుకు ఇప్పటికీ సిగ్గుపడుతుంది.

గొంగళికి మాత్రం పట్టీ అంటలేదు. పైబొచ్చు కింద దూదిలా మరో పొర ఉండేది. మెడ గొరిగితే అంటుకుంటుందన్నారు నడకల విభాగం వాళ్లు. దాన్ని పెంచుకునే పశువైద్యురాలు దమయంతి ఒప్పుకోలేదు. నూకరత్నాన్ని పనిలో పెట్టుకున్న రోజునే ఆవిడ చెప్పింది: “పలక మాట వినకు రత్నం, దీని నాలుక మాట విను. రెండొందల అడుగులకోసారి ఆపు. చిగుళ్లు గులాబిరంగులో ఉంటే నడిపించు. ముదురెరుపు కనిపించిందా, ఇంక నడకొద్దు, నీడకి తీసుకుపో.”

మూడోసారి ఆగినప్పుడు చెవిపలుకులో కూర్మారావు గొంతు వినిపించింది. నడకల బల్ల దగ్గర కూర్చునేది అతనే. ఊళ్లో నడిచేవాళ్లందరూ అతని తెర మీద చుక్కలు.

“రత్నమ్మా, ఎక్కువసేపు ఆపకు. ఈ నెల్లో ఆరుసార్లు అది నడక మానేసింది. ఏడోసారి మానేస్తే గొరిగించెయ్యమని ఆర్డరొచ్చింది.”

“బయల్దేరుతున్నాం బాబూ.”

వీధిలో జనం బాగానే ఉన్నారు. అందరూ ఎండపక్కనే, తీరిగ్గా, చిరునవ్వుతో నడుస్తున్నారు. ఇళ్ల నీడ పడిన రెండో పక్క ఒక్క మనిషి లేడు. ఆమె ఇన్నాళ్లూ ఆ సంగతి గమనించనే లేదు. గొంగళి మాత్రం అటే లాగుతోంది.

పూల వరహాలమ్మ దగ్గరికి వచ్చేసరికి కుక్క కాళ్లు చాచి పడిపోయింది. నాలుక పక్కకి వేలాడింది. చొంగ తీగలా సాగుతోంది. నూకరత్నం పెదవి ఎత్తి చూసింది. చిగుళ్లు ఇటుకరంగులో ఉన్నాయి.

“ఏటే రత్నం, కుక్క సతికిలబడిపోనాది?” అంది వరహాలమ్మ.

“ఎండేమో పిన్నీ.”

“ఎండేటే! సల్లగా ఉంది కాదేటి,” అని నవ్వింది ముసలావిడ. దండ కడుతున్న చేతులు ఆగలేదు. నూకరత్నం ఆ చేతుల వంక చూసింది. దారంలో పువ్వు లేదు. ఉత్త ముడి మీద ముడి వేస్తోంది. బుట్టలో మల్లెలు టీపొడిలా మాడి ఉన్నాయి.

నూకరత్నం వంగి అరచేతి వెనకభాగం రోడ్డుకి ఆనించింది. నున్నగా, చల్లగా తగిలింది. ఏడు లెక్కపెట్టి చెయ్యి తీసింది. చర్మం ఉబ్బి బొబ్బ లేస్తోంది. అయినా నొప్పి లేదు.

“నడక ఆగింది. ఏడోసారి,” అన్నాడు కూర్మారావు. “లాక్కుని వచ్చీ రత్నమ్మా. పలకలో ఇరవై మూడే ఉంది కదా.”

ఆమె మెడ వెనక్కి చెయ్యి పోనిచ్చి, పట్టీ అంచు గోటితో లేపి, ఒక్క గుంజు గుంజింది.

ఎండ ఆమె మీద పడింది. కళ్లు బైర్లు కమ్మాయి. చెప్పుల్లోంచి అరికాళ్లు కాలాయి, చేతి మీద బొబ్బ భగ్గుమంది. ఎక్కడో తవిటయ్య నవ్వుతున్నట్టనిపించింది. ఆ నవ్వు కింద అతనికి ఏం జరిగిందో ఇప్పుడు ఆమెకి తెలిసింది.

కిందపడిపోకుండా వరహాలమ్మ భుజం పట్టుకుంది. ఆ భుజం పెనంలా ఉంది. చెమట చుక్క లేదు.

“పిన్నీ, ఓర్చుకో,” అని ముసలావిడ పట్టీ కూడా లాగేసింది.

వరహాలమ్మ నవ్వు ఆగిపోయింది. “అమ్మో! మంటే! కాలిపోతన్నానే!” అని అరిచింది. ఆ వీధి పదకొండేళ్లుగా అరుపు వినలేదు. నడుస్తున్నవాళ్లు ఆగిపోయి, చిరునవ్వులతోనే ఇటు తిరిగారు.

నూకరత్నం ముసలావిడని ఒక చేత్తో, గొంగళిని ఇంకో చేత్తో ఈడ్చుకుంటూ వీధి దాటింది. ఎవరూ సాయానికి రాలేదు, ఎవరూ అడ్డు పడలేదు. నీడలో ఒక ఇంటి మెట్ల కింద ఇద్దరినీ చేర్చింది. సగం నీళ్లు ముసలావిడ తల మీద, గొంతులో పోసింది. మిగతా సగం కుక్క పొట్టకి, కాళ్లకి పట్టించి, దోసిట్లో కాసిని తాగించింది. వరహాలమ్మ వెక్కి వెక్కి ఏడుస్తోంది. కాసేపటికి గొంగళి రొప్పు తగ్గింది. పెదవి ఎత్తి చూస్తే ఎరుపు కొంచెం విరిగింది.

“ఆ చప్పుడేటి?” కూర్మారావు గొంతు తగ్గించి అడిగాడు. “తెర మీద దానికి పేరు రావట్లేదు. తెలియని ధ్వని అంటోంది.”

“మనిషి అరుపు బాబూ. వరహాలమ్మ పిన్ని. బతికే ఉంది.”

“పట్టీలు తిరిగి అంటించమని నీకు చెప్పమంటోంది ఈ తెర.”

“అంటించను. కుక్కనీ గొరగనివ్వను.”

చెవిపలుకులో అతను మెడ వెనక గోటితో గీరుకుంటున్న చప్పుడు వినిపించింది. వీధిలో మనుషులు ఇంకా అలాగే ఎండలో నిలబడి చూస్తున్నారు.

“రత్నమ్మా,” అన్నాడు చివరికి. “ఎటునుంచి లాగాలి?”

“కింద నుంచి పైకి బాబూ. పళ్లు బిగించుకో.”